అమ్మమ్మను తోల్కరానీకి జహీరాబాద్ పోయిన

శనివారం పొద్దుగాల ఏడింటికి లింగంపల్లిల జహీరాబాద్ బస్సెక్కిన. సోమవారం అమ్మమ్మకు పట్నంల కంటి ఆపరేషన్. ఇంకా ఆలస్యమైతే కుడికన్ను పూరా పోతదని డాక్టర్ చెప్పిండు. అమ్మ రెండుసార్లు పోయి ఉత్త చేతులతోని వచ్చింది. "నువ్వు పోవే, నీ నోటికి ఎవరైనా ఒప్పుకుంటరు" అన్నది. మెచ్చుకున్నదో తిట్టిందో తెల్వలే.

ఆధార్ చూపిస్తే ఆడోళ్లకు జీరో టికెట్. కిటికీ సీటు కావాల్నంటే జర ముందుగాల పోవాలె. నా పక్కన కోహీర్ ఊరామె కూసున్నది. ఎవరింటికి పోతున్నవని అడిగితే చెప్పిన.

"బియ్యం రత్నమ్మ మనుమరాలివా? మా చెల్లె కాన్పైతే ఆమెనే వచ్చి వండిపెట్టింది. మేం చర్చోళ్లం కూడ కాము" అనుకుంట రెండు జామపండ్లు నా ఒళ్లె పెట్టింది. పైసలియ్యబోతే కోపం చేసింది.

పదింటికి బస్టాండ్ల దిగి, షేర్ ఆటోకు ఇరవై ఇచ్చి ఇల్లు చేరిన. అమ్మమ్మ శాంతమ్మకు జొన్న గటక తినిపిస్తున్నది. శాంతమ్మ మా తాత చెల్లె, పక్షవాతం వచ్చి మంచం పట్టింది. తాత పోయినంక ముగ్గురు బిడ్డల పెండ్లిళ్లు చేసింది అమ్మమ్మనే, ఈ ఆడబిడ్డను సాకుతున్నది కూడ ఆమెనే.

"శాంతను ఇడిచిపెట్టి యాడికొస్త?" అన్నది, నేను చెప్పులు ఇప్పకముందే.

"కండ్లు కనపడకుంట ఎట్ల తినిపిస్తవే?"

"నోరు యాడుందో నా చేతికి తెల్వదా?"

"మొన్న ముక్కుల పెట్టింది" అన్నది శాంతమ్మ.

మధ్యాహ్నం వంట నేను చేస్తనన్న. బియ్యం కడుగుతుంటె అమ్మమ్మ అడిగింది, "దేవుని పిడికెడు తీసినవా?" తీయలే. ఈడ చర్చి ఆడోళ్లు బియ్యం కడిగే ముందే పిడికెడు తీసి డబ్బల ఏస్తరు. నేను గబగబ తడి బియ్యమే పిడికెడు తీసి డబ్బల ఏసిన. వారమంత జమైన బియ్యం తడిసినయి. అమ్మమ్మ అన్ని ఎండల ఆరబోసింది. శాంతమ్మ ఊకుంటదా? "పట్నంల దేవునికి నానబెట్టి ఇస్తరేమో" అన్నది.

శనివారం సాయంత్రం ఇల్లిల్లు తిరిగి ఆ బియ్యం జమ చేసుడు అమ్మమ్మ పని. ఎవరింట్ల రోగముంటే, కాన్పుంటే, సావైతే ఆ వారం ఆ ఇంటికి పోతయి. బియ్యం ఒక్కటే పోవు, ఇద్దరు ఆడోళ్లు ఎంబడి పోయి వండి, మంచంల ఉన్నోళ్లను చూసుకుంటరు. పెండ్లై వచ్చినప్పటి సంది అమ్మమ్మ ఈ రివాజు నడుపుతున్నది. ఆ దినం నా భుజం పట్టుకుని నడిచింది. గడప యాడుందో కాలుతోని ఎతుక్కుంటుంటె నాకు పానం ఉసూరుమన్నది. ఆఖరి ఇల్లు సుగుణక్కది, చర్చిల ఆడోళ్ల సంఘం ఆమెనే చూస్తది. నేను ఉండబట్టలేక ఆపరేషన్ సంగతంత చెప్పిన. అమ్మమ్మ నన్ను గిల్లింది. సుగుణక్క తన డబ్బ తెచ్చి సంచిల ఒంపింది.

ఆదివారం ఆరాధన అయినంక పాస్టరయ్య బియ్యం సంచి ముందర పెట్టి, "ఈ వారం ఎవరింటికమ్మా?" అని అడిగిండు. ఎప్పుడు అమ్మమ్మనే చెప్తది. ఆమె నోరు తెరవకముందే సుగుణక్క లేసింది.

"రత్నమ్మత్త ఇంటికి."

"నాకేం రోగమే?"

"కన్ను పోతుంటె రోగం కాదా? నువ్వు వచ్చేదాక శాంతత్తను మేం చూసుకుంటం."

"నాకొద్దు. లేనోళ్లకియ్యిన్రి."

"నా మొగడు పోయినప్పుడు ఈ సంచి తెచ్చి నా పొయ్యి ముట్టిచ్చినవు. నేను వద్దన్ననా అత్తా? మాకైతే ఇయ్యొచ్చు, మాది తీస్కోనీకి నీకు నామోషా?"

అమ్మమ్మ కొట్లాడుతదనుకున్న. కొంగుతోని మూతి తుడుచుకుని, "ఇయ్యి" అని చేతులు చాపింది. సంచి ఒళ్లె పెట్టుకుని శానసేపు కూసున్నది.

ఇంటికొచ్చి చెప్తే శాంతమ్మ, "పో వదినె, నాలుగు దినాలు ఉప్పు సరిగ్గున్న కూర తింట" అన్నది. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి, తుడుచుకోనీకి చెయ్యి లేవది. అమ్మమ్మ తడుముకుంట పోయి తుడిచింది.

రెండింటికి బస్సెక్కినం. పెద్దోళ్లను తోల్కొచ్చేటోళ్లు ఈ టైమే చూసుకోన్రి, సీట్లు దొరుకుతయి. సదాశివపేట దాటినంక అమ్మమ్మ అన్నది, "ఇచ్చుడు నాకెన్నడు బరువనిపియ్యలే బిడ్డా. తీస్కునుడే కష్టమున్నది."

ఊరంత వండిపెట్టిన మనిషి, ఎవరన్న తనకు వండిపెడ్తరని ఎన్నడు అనుకోలే. నేను చూస్తున్నకాడికి పగటిపూట ఆమె కండ్లు మూసుడు ప్రార్థనకే. ఇయ్యాల నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పటాన్‌చెరు కాడ చెయ్యి తిమ్మిరెక్కింది. లింగంపల్లి దాక కదిలియ్యలే.