హాల్ట్‌కూ హట్‌కూ మధ్య

నాంపల్లి స్టేషను ముందు పోలీసు తుపాకీ గొట్టాన్ని ఉత్త చేత్తో పక్కకు నెట్టినవాణ్ణి నేను. ఈ మాట చాలామందికి చెప్పాను. ఒకరిద్దరు నా అరచెయ్యి తిప్పి కాలిన మచ్చ కోసం వెతికారు కూడా. చూపించాను. అది చాయ్ ఒలికిన మచ్చ.

నిజానికి ఆ పూట నేను స్టేషను ఎదుటి ఇరానీ హోటల్లో ఉన్నాను. "హాల్ట్" అని కేక వినపడింది, ఆ వెంటనే తుపాకీ పేలింది. బల్ల కిందికి దూరాను. అలజడి అణిగాక బయటికి వస్తే రోడ్డు మీద ఒక హమాలీ చచ్చి పడి ఉన్నాడు. పగిలిన బస్తాలోంచి కందిపప్పు ఇంకా కారుతూనే ఉంది.

నలభైల నాటి మాట. ఊళ్ళో గొడవలని స్టేషను దగ్గర సాయుధ పహరా పెట్టారు. ఆ మనిషి గూడ్సు షెడ్డు నుంచి బేగం బజారుకు బస్తాలు మోసేవాడు. నిలవమంటే నిలవలేదు గనుక కాల్చామని పోలీసులు రాసుకున్నారు. దొంగ కాకపోతే ఎందుకు నిలవడని జనం అనుకోసాగారు.

నేను ఆబిడ్స్‌లో ఒక దుకాణం అరుగు మీద కూర్చుని ఉర్దూలో అర్జీలు రాసేవాణ్ణి. మూడో రోజు పదిమంది హమాలీలు, వాళ్ళ మేస్త్రీ, చనిపోయినవాడి భార్య నా దగ్గరికి వచ్చారు.

"ఇచారణ జెయ్యుమని రాయి పంతులు" అన్నాడు మేస్త్రీ. "నెత్తి మీద మూట ఉంటే ఎనుకకు తిరిగి సూడనీకె రాదు. రేపటి సంది గాడికెల్లి ఎట్ల పోవాలె మేము?"

"మూట పారేసి చేతులెత్తున్రి" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"పారేస్తే సేటు సంపుతడు. గాయనకైతే తుపాకి గూడ అక్కర్లేదు."

ఎవరూ నవ్వలేదు. ఆమె మాత్రం ఒక్క మాటే అంది. "మా ఆయన దొంగ గాదని రాయి. నాకింకేం వద్దు."

అప్పుడే నాకు ఆ ఆలోచన తట్టింది. రోడ్డు మీద హమాలీలను అందరూ "హట్, హట్" అనే అదిలిస్తారు. పక్కకు జరగమని. పోలీసు అరిచింది హాల్ట్. పల్లె నుంచి వచ్చిన మనిషికి అది హట్ అని వినపడింది, పాపం ఆజ్ఞ పాటించి ఉరికాడు. ఎంత చక్కటి వాదన! ఉర్దూలో రెండు పేజీలు దంచాను. అతను ఉరకడం నేను చూడలేదు. బల్ల కింద నుంచి ఏం కనిపిస్తుంది? కానీ ఉరకకపోతే నా వాదన నిలవదు.

వేలిముద్ర వేయించే ముందు అర్జీని తెలుగులో చెప్పి వినిపించడం మా వృత్తిలో ఆనవాయితీ. ఆ రోజు వినిపించలేదు. నా ఉర్దూ సొగసు తెలుగులో పోతుందనిపించింది. అందరూ వేలు అద్ది వెళ్ళిపోయారు.

కొన్ని నెలలకు సర్కారు నుంచి జవాబు వచ్చింది. మృతుడు ఉరికినట్టు అర్జీదారులే ఒప్పుకున్నారు గనుక విచారణ అవసరం లేదు.

ఈసారి చనిపోయినవాడి భార్య ఒక్కతే వచ్చింది. జవాబు చెప్పాను. "ముందుగాల నువ్వేం రాసినవో సదువు" అంది. నకలు తీసి తెలుగులో చెప్పాను. ఇంత జరిగాక కూడా హట్ మాట దగ్గర నా గొంతు కాస్త లేచింది, ఒప్పుకుంటాను. ఆమె చివరిదాకా విన్నది.

"అయిపోయిందా?"

"ఆఁ."

"హాల్టంటే నిలవడుడని మా ఆయనకు ఎరుకే పంతులు. ఏడేండ్ల సంది గా స్టేషన్లనే మోస్తుండె. నిలవడ్డడు, వాళ్ళ దిక్కు తిరిగిండు. గోలి ఎదల దిగింది. పీనుగకు నీళ్ళు పోసింది నేను, నాకు తెల్వదా? నిలవలేదని రాసుకున్నరు గని ఉరికిండని వాళ్ళు సుత అనలే. ఉరికిచ్చింది నువ్వు."