నత్తలకు నూరిన సీతాఫలం గింజలు

మా చిన్నప్పుడు... వాన పడిన మర్నాడు పొద్దున్నే పెరట్లో అమ్మ తిట్లు మొదలయ్యేవి. మమ్మల్ని కాదు, నత్తల్ని!

వీపు మీద గుల్ల కూడా ఉండని నత్తలు... వేలెడంత, బూడిద రంగు, ఒళ్లంతా జిగురు. తర్లుపాడు దగ్గర పల్లె మాది. నాయన పలకల గనిలో కూలి. అక్కడ పారేసిన రాతి చెక్కలు తెచ్చి ఆకుకూర మడి చుట్టూ పేర్చాడు. నత్తలు పగలంతా వాటి కింద చల్లగా పడుకుని, చీకటి పడితే తోటకూర, చుక్కకూర మేసేవి. తెల్లారేసరికి ఆకుల నిండా బొక్కలే... ఆ కూర బుట్టలో పెట్టుకుని అమ్మ వీధులు తిరిగి అమ్మితేనే మాకు పూట గడిచేది.

డబ్బా మందు కొట్టమని పక్కింటి రూతమ్మ పెద్దమ్మ చెబితే అమ్మ ఇంతెత్తున లేచింది. "తినే కూర మీద విషం కొడతారా ఎవురన్నా? నాకూ బిడ్డలుండారు!"

ముందు వేపగింజలు నానబెట్టి ఆ నీళ్లు చల్లింది. రెండు రోజులు మొహం చాటేశాయి, మళ్లీ వాన పడగానే తయారు! అప్పుడు సీతాఫలం గింజలు పట్టుకుంది. నల్లమల కాయలు మా వైపు బుట్టలకు బుట్టలు వస్తాయి కదా... తినేశాక గింజలు ఎండబెట్టి, పేల మందుకని దాచుకునేవాళ్లు. వాటిని రోట్లో మెత్తగా దంచి, నానబెట్టి, వడగట్టి, వేపమండతో మడంతా చిలకరించింది.

మర్నాడు చూస్తే... ముడుచుకుపోయి, నురగ కక్కి చచ్చి పడున్నాయి. కొన్ని ఇంకా మెలికలు తిరుగుతున్నాయి. నేను మొహం తిప్పుకున్నాను. అమ్మకు మాత్రం పండగే.

గిన్నె అడుగున పిప్పి మిగిలింది. పారేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు... తెల్లారితే ఆదివారం, చర్చికి పోవాలి. మా సువార్తక్క తలనిండా పేలు. మామూలుగా అయితే చిటికెడు పొడి నూనెలో కలిపి, పాపిట్లో రాసి గుడ్డ కట్టేవాళ్లు. ఆ రోజు అమ్మ నానిన పిప్పంతా అక్క తలకు పట్టించింది.

"మంటగా ఉందిమా..." అంది అక్క.

"నత్తలే చచ్చినాయి, పేలెంత! కండ్లు మూసుకో," అంది అమ్మ.

తల మీద చెంబుడు నీళ్లు పోసింది. ఆ నీళ్లు నుదుటి మీదుగా కళ్లలోకి దిగాయి. అక్క పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చేసింది. రెండు పిడికిళ్లతో కళ్లు నులుముకుంటూ నేల మీద పొర్లింది, పాపం.

"చల్లదనానికి ఆముదం పొయ్యండే!" అంది రూతమ్మ పెద్దమ్మ. పోశారు. తర్వాత ఎవరో బాలింత చనుబాలు పిండింది. మంచి నీళ్లతో కడగాలని ఒక్కరికీ తోచలేదు! నాయన ఆస్పత్రికి పోదామంటే అమ్మే ఆపింది.

"ఏంది నీ కంగారు? చెట్టు మందేగా, ఏం గాదు. తెల్లారేసరికి తగ్గిపోద్ది."

నిజంగానే నమ్మింది పిచ్చిది... చెట్టుకు కాసింది మనిషికి కీడు చెయ్యదని.

తగ్గలేదు. కళ్లు చీము పట్టాక మార్కాపురం తీసుకుపోయారు. కుడి కన్ను దక్కింది. ఎడమ కంట్లో తెల్లటి పువ్వు వేసింది. ఇక ఆ కంటికి చూపు లేదు.

అప్పటినుంచి ఎక్కడికి పోయినా అమ్మ అక్కకు ఎడమ పక్కనే నడిచేది. గుంటొచ్చినా, బస్సొచ్చినా ముందు తను చూసి చెయ్యి పట్టుకునేది. పెళ్లయి బిడ్డల తల్లయ్యాక అక్క విసుక్కున్నా సరే, పక్క మారేది కాదు.

ఇప్పుడు వీడియోల్లో ఎవరైనా "చెట్టు మందండీ, ఎంతైనా వాడుకోవచ్చు" అంటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. నత్తను చంపింది కంటిని వదులుతుందా? మీ ఇళ్లల్లోనూ ఇలాంటివి జరిగే ఉంటాయి... దాచుకోకుండా చెప్పండి, పిల్లలున్నవాళ్లు చదువుకుంటారు.

అమ్మ పోయి చాలా కాలమైంది. మొన్న కంభం బజారులో అక్కా నేనూ నడుస్తున్నాం. ఎడమ వైపు నుంచి ఒక ఆటో అక్కను రాసుకుంటూ పోయింది. ఉలిక్కిపడి "అమ్మా" అంటూ అక్క ఆ పక్కకు చెయ్యి చాపింది...

నేను కుడి పక్కన ఉన్నాను.