వంటావార్పు దాటి అక్క కంటి పరీక్షకు

మా యాకమ్మక్కకు నలభై ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. అయితేనేం, మోదుగాకులతో విస్తరి కుట్టడంలో మా వాడలో ఆమెకు సాటి లేరు. ఆరు నెలలుగా పుల్ల పక్కకు పోతోంది, ఆకు చిరుగుతోంది, విసిరేసి ఏడుస్తోంది. "ఉన్న మతి గూడ పోయింది, ఇగ పని మాన్పియ్యి" అన్నారు బంధువులు. నాకు ఒళ్లు మండింది. మీకు చూపు మసకబారితే డాక్టరు, ఆమెకు మసకబారితే మతి పోయినట్టా? ఇలా బుద్ధి ఎదగని పెద్దవాళ్లకు మహబూబాబాద్‌లో కంటి పరీక్షల శిబిరం పెడుతున్నారని తెలిసి అక్కను బయలుదేరదీశాను.

జనగామ నుంచి మామూలుగా రైలే సుఖం, ఖర్చూ తక్కువ. ఆ రోజు తెలంగాణ కోసం రైల్‌రోకో, బస్సులూ లేవు. పొద్దున ఆరింటికి ఆటో మాట్లాడుకుని పాలకుర్తి మీదుగా పోయాం. తొర్రూరు దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు, మధ్యలో పొయ్యిలు, నిరసనగా వంటావార్పు. "అన్నా, ఇగ పొద్దుగూకేదాక కదలదు" అని డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. నేనూ ఉద్యమంలో ఉన్నవాణ్ణే. అయినా దిగి గొంతు పెంచాను: "రాష్ట్రం ఎవరి కోసం అడుగుతున్నం? మా అక్క అండ్ల లేదా?"

గంజులో గరిటె తిప్పుతున్న ఆమె నా వైపు చూసింది. "గింత లొల్లెందుకు నాయినా? అడిగితే ఇడువమంటమా? ముందుగాల తిను."

నా ఉపన్యాసం సగంలో ఉండగానే అన్నం వడ్డించారు. అక్క విస్తరిని వేళ్లతో తడిమి మూతి తిప్పింది. "మంచిగ కుట్టలే."

"అయితే నువ్వే వచ్చి కుట్టు, అక్కా!" అని గరిటె తిప్పే ఆమె నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు. తిన్నాక వాళ్లే రాళ్లు జరిపారు.

శిబిరం ఒక బడి గదిలో. ఒకాయన బొమ్మల బోర్డు చూపి "కనిపిస్తుందా?" అన్నాడు. "ఆ." అద్దం మార్చి "ఇప్పుడు?" "ఆ." అవునంటే తిట్టరని అక్క బతుకంతా నేర్చుకున్న పాఠం అది. "చూపు బాగానే ఉందండీ" అని తేల్చేశాడు. నేను గొంతు పెంచి గొడవకు లేచాను. పరీక్షలు చేయడానికి భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక అమ్మాయి నన్ను ఆపింది.

"అన్నా, జర కూసో. నీ లొల్లికి ఆమె బుగులు పడుతుంది."

అక్క ఒళ్లో నాలుగు బొమ్మల అట్టలు పెట్టి దూరం జరిగింది. "నేను చూపెట్టే బొమ్మ అసొంటిది నీ తాన ఏదున్నదో తియ్యి, అక్కా." పెద్ద బొమ్మలకు అక్క టకటకా తీసింది. చిన్నవి రాగానే చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఆ అమ్మాయి అక్క కంట్లోకి లైటు వేసి చూసింది. "దూరం, దగ్గర రెండూ తగ్గినయి. అద్దాలతోని సరిపోతది." పరీక్ష ఫ్రేములో అద్దాలు బిగించి పెట్టగానే అక్క నన్నే చూసింది.

"సోమిగా, నీ మీసం తెల్లగైంది! ముసలోడివైనవ్!"

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రెండు వారాలకు అద్దాలొచ్చాయి. అక్క మళ్లీ కుడుతోంది, మునుపటంత వేగం ఇంకా రాలేదు. ఆమెకు మతి పోలేదు, మనకే అడగడం రాలేదు. అన్నింటికీ "ఆ" అనే మనుషులను ఇంకో తీరుగా అడిగే ఓపిక లేకపోతే, ఎన్ని రాష్ట్రాలు తెచ్చుకుని ఏం లాభం? అయినా ఆ దారిలో తిన్న అన్నం తలుచుకుంటే ఆ ఓపిక మనకుందనే అనిపిస్తుంది.

మీ ఇంటివాళ్లను ఇలా కంటి పరీక్షకు తీసుకెళ్లేవారికి ఒక్క మాట. అద్దాలు వచ్చేలోపు వారం రోజులు ఉత్త ఫ్రేము చేతికిచ్చి ఆడుకోనివ్వండి, బలవంతంగా పెట్టకండి. మా అక్క మొదటి రోజు దాన్ని మా మేక మొహానికి పెట్టింది. మేక వద్దంటే తనే పెట్టుకుంది.