ఊరనియ్యి

జాడీకి వాసెన కట్టేటప్పుడు ఉప్పుగూడలోని మా మేనత్త ఎప్పుడూ ఒకటే మాట అనేది: "ఊరనియ్యి." పండ్ల సంగతైనా, పగ సంగతైనా అంతే.

ఆమె పెద్ద తోటికోడలు, తన కూతురి నిశ్చితార్థం నాడు, మగపెళ్ళివారు అటు వెళ్ళారో లేదో, వాళ్ళు తెచ్చిన పళ్ళాల్లో మిగిలిన పండ్లను కవర్లో కుక్కి అందరి ముందూ మా అత్త చేతిలో పెట్టింది. "మెత్తబడ్డయి, ఎట్లయిన పారేసేటియే. నీకైతే గివే మస్తు."

నాకు ఒళ్ళు మండింది. అత్త నవ్వుతూ తీసుకుంది.

ఇంటికొచ్చి మచ్చలు కోసేసి, ద్రాక్ష, సపోటా, దానిమ్మ గింజలు చక్కెరతో జాడీలో వేసింది. మామ సీసా అడుగున మిగిల్చిన రమ్ము పోసింది.

"గంత మాటంటే ఊకుంటవా అత్తా?" అన్నాను.

గుడ్డ బిగించి ముడి వేస్తూ, "ఊరనియ్యి బిడ్డా" అంది.

క్రిస్మస్‌కు ఆ తోటికోడలు వియ్యపురాలిని వెంటబెట్టుకొని వచ్చింది. అత్త జాడీలో ఊరిన రసం చిన్న గ్లాసుల్లో పోసిచ్చింది. వియ్యపురాలు లొట్టలేసింది. అది చూసి తోటికోడలు ఉబ్బిపోయింది.

"మా చెల్లె చేతి రుచే వేరుంటది వదినా! ఏం పండ్లేసినవే?"

అత్త కొంగుతో జాడీ మూతి తుడిచింది. "నిశ్చితార్థానికి వదినె వాళ్ళు తెచ్చినయే అక్కా. పారేసేటియే అని నువ్వే ఇస్తివి గదా."

వియ్యపురాలు గ్లాసు కింద పెట్టి, తోటికోడలి వైపు తిరిగింది.

అత్త వాళ్ళిద్దరి గ్లాసులూ మళ్ళీ నింపింది.