భూపాలపల్లిలో నా మరణం

భూపాలపల్లిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, హాలు నిండా జనం చూస్తుండగా నేను చచ్చిపోయాను. కంగారు పడకండి. చప్పట్ల మధ్య పోయాను. అంత గొప్ప చావు మా వంశంలో ఇంకెవరికీ దక్కలేదు. అసలు ప్రమాదం చచ్చిన తరువాత జరిగింది.

అప్పటికి నాకు పెళ్లై ఏడాది తిరగలేదు. జనగామలో విత్తనాల దుకాణంలో పని. కొత్త అల్లుడంటే లోకంలో తనకు తెలియనిది లేదనుకునే జాతి కదా, ఆ జాతికి నేను సర్పంచిని. ముఖ్యంగా 'హేమాంగి' యక్షగానం విషయంలో. మా బాపు ఎక్కడో సంపాదించిన దాని ఆడియో నా ఫోనులో ఉండేది. మిరప గింజలు తూకం వేస్తూ పొద్దంతా అదే వినేవాణ్ణి. హేమాంగి అనే రాజకుమారిని ఎత్తుకుపోవడానికి రాక్షసుడు వస్తాడు. ఆమెను ఎత్తుకుని పెంచిన ముసలి కావలివాడు అడ్డం నిలిచి ప్రాణం విడుస్తాడు. చివరికి ఆ పిల్లే కత్తి పట్టి రాక్షసుణ్ణి నరుకుతుంది. పాటలు, మాటలు, మద్దెల దరువులు సహా అంతా నాకు కంఠస్థం. ఒక్కటే చిన్న లోటు: ఆ ఆటను అంతవరకు కళ్లతో చూడలేదు. విన్నవాడికి చూడటం ఒక లెక్కా అనుకున్నాను. వాసన పీల్చి విందుకు తీర్పు చెప్పే రకం నేను.

మా అత్తగారిది భూపాలపల్లి. అక్కడ ఫంక్షన్ హాల్లో ఆ ఆట వేస్తున్నారని తెలియగానే నా భార్య స్వప్ననూ, అత్తమ్మనూ, మామనూ బయలుదేరదీశాను. మామ బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. మధ్యాహ్నం నిద్ర ఆయనకు పింఛనుతో సమానం.

"నిద్ర మల్ల వస్తది మామా, గిసొంటి ఆట మల్ల రాదు" అన్నాను.

"గీ వయసుల నిద్రే మల్ల రాదు అల్లుడు" అన్నాడాయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అత్తమ్మ మాత్రం వాడకట్టంతా వినబడేలా, "మా అల్లునికి యక్షగానమంటే పాణం" అని చాటింపు వేసింది.

ఆటకు ముందు పెద్దల ప్రసంగాలు జరిగాయి. కళ చచ్చిపోతోందని ఒకరి తరువాత ఒకరు బాధపడ్డారు. తాము వేదిక దిగితే అది కాస్త బతుకుతుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. చివరికి తాళాలు పట్టుకుని మేళం పెద్ద వచ్చాడు. ముసలాయన. ఆయన గొంతెత్తగానే నేను పక్కనే నా వ్యాఖ్యానం మొదలుపెట్టాను.

"ఇప్పుడు రాజకుమారి పూలు కోస్తది సూడు."

"ఆమె కోసినంక నేనే సూస్త. జర ఊకోండి" అంది స్వప్న.

"ఇగ సూడు, గాలి దుమారం లేస్తది."

"మీరు ఊకుంటే అదే ఆగుతది."

ఇంతలో మద్దెల ఉరిమింది, ఒక గావుకేక వినబడింది. ఫోనులో అది నాకు బాగా తెలిసిన కేకే. అయితే అది వేదిక మీద నుంచి రావాలని నా పరిజ్ఞానం. ఇదేమో మా వెనక నుంచి వచ్చింది. తిరిగి చూద్దును కదా, తలుపు తోసుకుని ఒక భారీ ఆకారం, జుట్టు విరబోసుకుని, దుడ్డుకర్ర ఊపుతూ వస్తోంది. బయటి వెలుతురు వెనక నుంచి పడటంతో మొహం కనబడలేదు. పిల్లలు కెవ్వుమన్నారు. అది భయం కాదు, సంబరం. ఆ తేడా తెలిసే స్థితిలో నేను లేను. ఆ ఆకారం తిన్నగా వచ్చి మా అత్తమ్మ ముందే ఆగి కర్ర ఎత్తింది.

తాగొచ్చినవాడెవడో అనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. అత్తమ్మ నోరు తెరిచి మురిపెంగా చూస్తోంది, మామ ఆవలిస్తున్నాడు, కత్తిపీట మాత్రం కుర్చీలోంచి లేచింది. ఒక్క ఉరుకున పోయి వాడి మెడ పట్టుకున్నాను.

"ఎవడ్రా నువ్వు? ఆడోళ్ల మీదికి కర్ర లేపుతవా?"

"అన్నా, మెడ ఇడువు. నేను రాక్షసున్ని."

"తెలుస్తనే ఉన్నది!"

"గట్ల గాదన్నా! ఆటల రాక్షసున్ని! నేను గిట్లనే రావాలె!"

అప్పటికే వాడి జుట్టు నా చేతికి వచ్చేసింది. దాని కింద పొట్టి క్రాపూ, చెమటా, రంగు పూసిన మొహంలో దీనమైన రెండు కళ్లూ కనబడ్డాయి. భూమి చీలితే బాగుండుననిపించింది. భూమి చీలలేదు కానీ హాలు చప్పట్లతో దద్దరిల్లింది. జనం ఇదంతా ఆటలో భాగమే అనుకున్నారు. వేదిక మీద మేళం పెద్ద మొహం మాత్రం పాలిపోయింది. అయినా తాళం ఆపలేదు.

"వచ్చెనమ్మా, వచ్చె కావలివాడూ!" అని అప్పటికప్పుడు పాట కట్టి నన్ను పిలిచాడు. బల్లెం పట్టుకుని తెర పక్కన సిద్ధంగా నిలబడిన అసలు కావలివాడు తన ఉద్యోగం భర్తీ అయిందని చూసి, ఏమాత్రం పోట్లాడకుండా వెనక్కి తగ్గాడు.

"అన్నా, ఇగ స్టేజి ఎక్కు" అని రాక్షసుడు నా చెవిలో బతిమాలాడు. "ఎన్నొద్దులకో దొరికింది మాకు గీ హాలు. ఆట చెడితే మా పెద్దయ్య తట్టుకోడు."

"ఎక్కి ఏం జెయ్యాలె?"

"ఏం లేదు. సచ్చుడే."

ఎక్కాను. నాకు ఆటంతా కంఠస్థమే కదా, ధైర్యంగా ఛాతీ విరిచి గర్జించాను: "రాజకుమారిని మర్యాదగా నాకప్పగించు!"

"అది నాదన్నా" అన్నాడు రాక్షసుడు పళ్ల సందు నుంచి.

"మరి నాదేంది?"

"నీది 'అయ్యో'."

కర్ర మెత్తగా నా భుజానికి తగిలింది. అయ్యో అన్నాను. పడ్డాను. కింద నుంచి మా అత్తమ్మ గుండె పగిలేలా అరిచింది: "కొత్త సొక్క బిడ్డా!"

ఇక హేమాంగి వచ్చి నా తల ఒళ్లో పెట్టుకుంది. కావలివాడు ఆమెకు తాత వరస కాబట్టి అలవాటుగా పెట్టుకుంది. ఆ వరస స్వప్నకు వర్తించదు. ముందు వరుసల్లో ఎక్కడో గాజులు గట్టిగా మోగాయి. అప్పుడు హేమాంగి శోకం ఎత్తుకుంది. 'నన్నెత్తిన చేతులు నేలన పడెనా, తాతా' అని.

ఆ పాట ఫోనులో ఎన్ని వందలసార్లు విన్నానో. కానీ ఫోనులో ఊపిరి వినబడదు. ఆమె చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకుంటుంటే నా తలకు తెలుస్తోంది. హాలంతా సద్దుమణిగింది. ఎవరో ముక్కు చీదారు. ఆమె గొంతు పైకి, ఇంకా పైకి పోయి, అక్కడ వణికి నిలబడింది. నా మూసిన కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. నేనెక్కడున్నానో, ఎవరినో, బతికున్నానో లేదో అన్నీ మరిచిపోయాను.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. నాకు నోరు బారెడు. శవంగా పడి ఉన్నవాణ్ణి లేచి కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి, "వాహ్వా! వన్స్ మోర్!" అని అరిచాను.

హాలు విరగబడి నవ్వింది. జనం కుర్చీల మీద దొర్లారు. హార్మోనియం ఆయన పెట్టె మీద తల వాల్చేశాడు. రాక్షసుడు పరుగెత్తుకొచ్చి, "అరే, మల్ల లేసిండ్రో వీడు!" అని నన్ను మళ్లీ చంపాడు; ఈసారి దెబ్బ అంత మెత్తగా లేదు. హేమాంగి మళ్లీ పాడింది. నేను అడిగినందుకు కాదు, నేను రెండోసారి చచ్చినందుకు. ఆమె భుజాలు నవ్వుతో అదురుతుంటే జనం దాన్ని కూడా శోకమే అనుకున్నారు.

ఆట అయ్యాక స్వప్న నన్ను తెర వెనక్కి తీసుకెళ్లింది. తీసుకెళ్లింది అంటే, మోచేయి పట్టుకుని ఈడ్చింది. మేళం పెద్ద తువ్వాలతో మొహం తుడుచుకుంటున్నాడు.

"పెద్దయ్యా, తప్పయింది" అన్నాను తల దించుకుని.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"జనం గింతగనం నవ్వంగ సూసి ఎన్నేండ్లాయెనో బిడ్డా. బుధవారం మహబూబాబాద్‌ల ఆట ఉన్నది. సచ్చెటందుకు వస్తవా?"

నా ఛాతీ పొంగింది. సరే అనబోయేంతలో స్వప్న అందుకుంది.

"ఆయన పనికిరాడు పెద్దయ్యా. బతికున్నప్పుడే మాట ఇనడు, సచ్చినంక ఇంటడా?"

కాబట్టి మద్దెల సాక్షిగా, తాళాల సాక్షిగా, చిరిగిన నా కొత్త చొక్కా సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ ఆటకు పోయినా, రాక్షసుడు వచ్చి సాక్షాత్తు మా అత్తమ్మనే భుజాన వేసుకుని పోతున్నా, నేను కుర్చీలోంచి లేవను. తరువాత ఆ రాక్షసుడి గతేమిటంటారా, అది వాడి ఖర్మ.