రిఫరెన్స్ కాలమ్‌లో మేస్త్రమ్మ

పద్నాలుగేళ్ల తరవాత మళ్లీ ఉద్యోగానికి బయల్దేరిన ఆడదాని రెజ్యూమేలో ఒక ఖాళీ ఉంటుంది. నాదాంట్లో ఉన్న ఖాళీ ఎంతంటే, హనుమాన్ జంక్షన్లో ఆగే లారీలన్నిటినీ తెచ్చి పక్కపక్కన నిలబెట్టినా ఇంకో రెండు ట్రాక్టర్లకీ, ఒక చెరుకురసం బండికీ చోటు మిగులుతుంది. అప్పటికే రెండు కంపెనీల వాళ్లు ఆ ఖాళీ చూసే నన్ను వద్దన్నారు. అందులో ఒకాయన మర్యాదస్తుడు. "చూసి చెప్తామండీ" అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నట్టున్నాడు పాపం, ఆ కళ్లు ఏమైపోతాయో.

మూడోది మాకు బస్సు దూరంలో ఉన్న ప్యాక్‌హౌస్. మామిడికాయల్ని కడిగి, ఏరి, పెట్టెల్లో సర్ది విమానం ఎక్కించే చోటు. క్వాలిటీ సూపర్‌వైజర్ కావాలన్నారు. నాకు నలభై ఆరు. ఇదీ కాకపోతే జన్మలో ఇక ఆ ఊసెత్తనని ఒట్టు పెట్టుకున్నాను. నేను ఒట్టు పెట్టుకుంటే మా ఇంట్లో గోడలు కూడా సర్దుకుని నిలబడతాయి.

ఒకప్పుడు నేను జ్యూస్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేశాను. రసంలో తీపెంత, పులుపెంత చూసి రాసే పని. మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు మావగారు మంచాన పడితే ఆర్నెల్లు సెలవు పెట్టి ఇంటికొచ్చాను. ఆ ఆర్నెల్లే పద్నాలుగేళ్లయ్యాయి. ఆ ఐదేళ్ల పిల్లే ఇప్పుడు డిగ్రీ చదువుతూ, వేసవి సెలవులకి ఇంటికొచ్చి, నా ముందు ల్యాప్‌టాప్ తెరుచుకుని పోలీసు స్టేషన్లో రైటరులా కూర్చుంది.

"ఈ పద్నాలుగేళ్లూ ఏం చేశావు?"

"ఏం చేశానేంటి? నువ్వెలా పెరిగావనుకున్నావ్, వర్షాధారమా?"

"అది రాయకూడదమ్మా. పని చెప్పు, పని."

చెప్పాను. పూత దగ్గర్నుంచి ఆఖరి కాయ తెగేదాకా ఆగిరిపల్లి దగ్గర మా తోటలోనే ఉంటానని, కోతలప్పుడు ఇరవై మంది ఆడవాళ్లు ఏరే కాయ నా కళ్లబడకుండా ట్రేలోకి ఎక్కదని, కోతుల్ని తోలతానని. అది టకటకా ఇంగ్లీషులో కొడుతుంటే ఒక్కోదానికీ కిరీటం మొలిచింది. కాయలేరడం నాణ్యతా నియంత్రణ అయింది. కోతుల్ని తోలడం వన్యప్రాణుల సమస్యకి పరిష్కారం అయింది.

"ఐదువందల కోతులని రాసెయ్" అన్నాను.

"నిజంగా ఎన్నమ్మా?"

"రెండు. వాటి వాలకం మాత్రం ఐదువందలదే."

మా ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "ఎవరోయ్ ఈవిడ? చాలా గొప్పగా ఉంది. మనకేమన్నా చుట్టమా?" అన్నారు.

అంతా అయ్యాక చివర్న రిఫరెన్స్ అని ఒక కాలమ్ మిగిలింది. నా పని కళ్లారా చూసినవాళ్లు ఇద్దరు కావాలట. చుట్టాలు పనికిరారట. ఒకరు తేలికే. పాత ల్యాబ్‌లో మా పెద్దాయన రిటైరై ఇంట్లో ఉన్నారు. ఫోన్ చేస్తే "నీ చేతిరాత ఇంకా గుర్తుందమ్మా" అన్నారు. రెండోవారి కోసం మా పేటంతా మనసులో రెండు చుట్లు తిరిగొచ్చాను. పద్నాలుగేళ్లుగా నా పని చూసింది, నాకు చుట్టం కానిది, ఒక్కతే. మేస్త్రమ్మ.

మేస్త్రమ్మంటే మా తోటలో కాయ కోసే ఆడవాళ్లందరికీ పెద్ద. అరవై ఏళ్లుంటాయి. ఆవిడ చెట్టుకింద నిలబడి తల పైకెత్తి చూస్తే, గెడకి కట్టిన వలసంచి కోసం కూడా ఆగకుండా కాయలు వాటంతటవే దిగొస్తాయి. చదువు లేదు. బొడ్లో ఒక బటన్ల ఫోన్ ఉంటుంది. ఆ నంబరు వేయించి, తెల్లారి తోటకెళ్లి ఆవిడకో మాట చెబుదామనుకున్నాను. ఆ తెల్లారి గాలివాన కొట్టింది. రాలిన కాయ ఏరుకునే గోలలో నేను చెప్పడం మర్చిపోయాను. తప్పంతా నాదే.

ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగింది. మేనేజరుగారు రెండు బంగినపల్లి కాయలు బల్లమీద పెట్టి ఏది కోతకొచ్చిన కాయో చెప్పమన్నారు. "ఇది కోతకొచ్చిందండీ. దీనికింకా తొడిమ పక్కన భుజాలు లేవలేదు, చెట్టుమీద ఇంకో వారం ఉండాల్సింది" అన్నాను. ఆయన పక్కాయన వైపు చూసి తలూపారు. ఆ తలూపుడు చూసుకుని నేను ఇంటిదాకా నేలకి జానెడు ఎత్తులో నడిచొచ్చాను. రిఫరెన్సులతో మాట్లాడి చెప్తామన్నారు.

మూడోరోజు, శుక్రవారం పొద్దున, వాళ్ల ఆఫీసులో హెచ్ఆర్ అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, మీ రెండో రిఫరెన్స్ మార్చుకుంటారా?"

"ఏమ్మా, ఫోనెత్తలేదా?"

"ఎత్తారు మేడమ్." కాసేపు నసిగింది. "నేను రాసుకున్నది చదువుతాను. 'ఆవిడా? ఒళ్లొంచదు. పొద్దెక్కితేగానీ తోటకి రాదు. కాయకీ పిందెకీ తేడా తెలవదు. నోరు మాత్రం ఏలూరు దాకా వినపడిద్ది.' ఇంకా ఉంది, చదవమంటారా?"

"వద్దమ్మా. ఆ చివరిదొక్కటీ నిజమే."

ఆ అమ్మాయి నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడింది. మంచి పిల్ల. "సార్‌కి ఇంకా ఇవ్వలేదు మేడమ్. ఐదింటికి లిస్టు ఇచ్చెయ్యాలి. ఈలోపల ఏదైనా చూసుకోండి" అంది.

స్కూటీ తీశాను. ఆగిరిపల్లి రోడ్డు మీద ఆ రోజు నేను వెళ్లిన స్పీడుకి ఎదురొచ్చిన గేదెలు రోడ్డు దిగి నమస్కారం పెట్టాయి. తోటలో షెడ్డు కింద ఆడవాళ్లంతా కాయగుట్టల చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. దారంతా కడుపులో దాచుకొచ్చిన కోపం అక్కడ కుమ్మరించబోయాను.

"మేస్త్రమ్మా! నా గురించి ఎవరో ఫోన్లో అడిగితే ఏం చెప్పావు?"

ఆవిడ మొహం చాటంత అయింది. "అప్పుడే తెలిసిపోయిందా అమ్మాయిగారూ? ఎవత్తో పిల్ల, సిటీ గొంతు. మీ కాడ ఫలానా ఆవిడ పనెట్టా చేసిద్దండీ అని మెత్తమెత్తగా అడుగుద్ది. నేను పసిగట్టలేనా? కడిగి పారేశా! ఇంక చచ్చినా మీ జోలికి రారు."

చెప్పి, నేను మెచ్చుకుంటానని చూస్తోంది. నా కోపం అక్కడే చప్పబడిపోయింది. మా వైపు కోతల నెలలో మంచి చెయ్యి దొరకడమంటే దేవుడు కనపడటమే. పై ఊరివాడు వచ్చి ఫలానా ఆవిడ ఎలా చేస్తుందని అడిగినప్పుడు పొగిడామా, తెల్లారేసరికి ఆవిడ వాళ్ల ఆటోలో ఉంటుంది. అందుకని తిడతాం. ఎంత మంచి చెయ్యైతే అంత తిట్టు. నేను మాత్రం తక్కువ తిన్నానా? పోయినేడు ముసునూరు నుంచి ఒకాయనొచ్చి మేస్త్రమ్మ గురించి ఆరా తీస్తే, ఆవిడకి రేచీకటండీ, పట్టపగలు కూడా, అని చెప్పి పంపించేశాను.

"వాళ్లు నన్నెత్తుకుపోవడానికి రాలేదు మేస్త్రమ్మా. నేనే వెళ్తానన్నాను. ఉద్యోగానికి. నీ నంబరిచ్చింది కూడా నేనే."

ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఏరడం ఆపేశారు.

"అంటే మీరే పోతానన్నారా?"

"అవును."

"మీకేం తక్కువైందని? మార్కెట్లో కాయ బాలేదని తిప్పి పంపితే ఆ నిష్ఠూరం మామీద పడకుండా అడ్డం నిలబడేది మీరు. రేపట్నించీ ఎవరు నిలబడతారు? అయ్యగారా? ఆయనకి ట్రేలో కాయుంటే చాలు, ఏ కాయో అక్కర్లా."

"ఇక్కడ ఎంత చేసినా అది ఎక్కడా రాసి ఉండదు మేస్త్రమ్మా. కాగితం మీద నా పద్నాలుగేళ్లూ ఖాళీ."

"మాది ఎక్కడ రాశారమ్మాయిగారూ?"

దెప్పడానికి అనలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. నేను వంగి గుట్టలోంచి ఒక కాయ తీసి, మచ్చలేని దానికి మచ్చ వెతికాను. ఎవరో దగ్గారు. ఆ దగ్గుకి ఎంత రుణపడ్డానో చెప్పలేను.

మేస్త్రమ్మ చేతిలో కాయ గుట్టలో పెట్టి, చెంగుకి చేతులు తుడుచుకుంది.

"కలపండి ఆ పిల్లకి."

కలిపి, స్పీకర్లో పెట్టాను.

"హలో. పొద్దున మాటాడింది నేనే. ఆ చెప్పిందంతా అబద్ధం" అంది మేస్త్రమ్మ.

"అబద్ధమా? ఎందుకు చెప్పారండీ?"

"అది నీకు చెప్పినా తెలవదులే తల్లీ."

"పోనీ నిజమేంటో చెప్పండి."

మనిషిని ఎదట పెట్టుకుని పొగడటం ఆవిడకి చేతకాదు. షెడ్డు పైరేకుల వంక చూస్తూ చెప్పింది.

"పోయినేడు కాయ లారీకెత్తటం అయిపోయింది. తాళ్లు కూడా బిగించేశారు. ఈవిడొచ్చి నాలుగు ట్రేలు దింపించి చూసింది. అడుగున కాయలకి తొడిమ కాడ సొన కారి, కాలి మచ్చ పడింది. మొత్తం దించమంది. అయ్యగారు కేకలేశారు. డ్రైవరు తిట్టాడు. నేనూ తిట్టా, ఇళ్లకి పోయే పొద్దది. ఈవిడ పోయి లారీ ముందు నేలమీద కూచుంది. ఏం చేస్తాం, దించాం. మాతోపాటు తనూ కూచుని ఏరింది. ఆ లారీలో ఒక్క కాయ తిరిగి రాలా. అంతే. ఇంకేం కావాలి?"

రెండు కోతుల్ని ఐదువందలు చేసి రాయించుకోబోయినదాన్ని, ఇది రాయించుకోవాలని నాకు తోచనే లేదు. మా ఇంట్లో దానికి వేరే పేరుంది. తుఫాను గురించి చెప్పుకున్నట్టు, మా ఆయన దాన్ని 'ఆ లారీ రోజు' అంటారు.

అటువైపు కీబోర్డు చప్పుడు వినిపించింది. "ఒక్క నిమిషం అండీ, రాసుకుంటున్నాను" అంది హెచ్ఆర్ అమ్మాయి.

"రాసుకుంటందా?" అని మేస్త్రమ్మ నన్ను గుసగుసగా అడిగింది.

"ఈ కాగితంలో మేస్త్రమ్మ అని మాత్రమే ఉందండీ. మీ పూర్తి పేరు చెప్తారా? ఇంటిపేరుతో సహా" అంది ఆ అమ్మాయి.

మేస్త్రమ్మ కొంచెం నిటారుగా కూర్చుంది. ఇంటిపేరు, పేరు, ఊరు, మండలం, ఒక్కొక్కటే ఆగి ఆగి చెప్పింది, అటుపక్క రాసుకోవడానికి వీలుగా. పద్నాలుగేళ్లలో ఆవిడ ఇంటిపేరు నేను వినడం అదే మొదలు.

ఫోన్ పెట్టేశాక ఏం చెయ్యాలో తోచక నేనూ వాళ్ల మధ్య కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. నాలుగున్నరకి ఫోన్ మోగింది. నేను "ఊ" అన్నాను, "అలాగేనండీ" అన్నాను, మళ్లీ "ఊ" అన్నాను. నా జీవితంలో అంత పొదుపుగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"సోమవారం నుంచి రమ్మన్నారు" అని చెప్పాను.

ఆడవాళ్లలో ఒకావిడ ఈల వేసింది. మేస్త్రమ్మ తలెత్తలేదు. చేతిలో కాయని అటూ ఇటూ తిప్పి, తొడిమ చూసి, ట్రేలో పెట్టింది.

"ఇయ్యాల శుక్రవారం. ఇంకా రెండ్రోజులు ఈవిడ మనదే" అంది వాళ్లతో. "ఆ మూలనున్న గాలివాన కాయ ఎవరూ ముట్టుకోబాకండే. అది అమ్మాయిగారికి వదలండి."

దెబ్బకాయకీ మంచికాయకీ మధ్య తేడా కళ్లు పోయేలా వెతకాల్సిన గుట్ట అది. నా నడుందాకా ఉంది. నిజం చెప్పాలంటే మోకాలి దాకా. కొంగు బిగించి దాని ముందు కూర్చున్నాను.