చెమ్మ గోడకు ఫోమ్ ఇటుకలు

ఇల్లు కళగా పెట్టుకుంటే లక్ష్మి వస్తుందని మా అమ్మ చెప్పేది. మా ఇంటికి మాత్రం పెద్దమనుషులు వచ్చి, మాకు రావాల్సిన గదిని కూడా ఇంకొకరికి ఇచ్చి పోయారు. అప్పట్నుంచి ఎవరైనా ఫోన్లో "తక్కువ ఖర్చుతో మీ ఇంటిని ఇలా అలంకరించుకోండి" అనే వీడియో చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు అలాంటి వీడియోలు చూసే నేను ఇల్లు అలంకరించడం నేర్చుకున్నాను.

మా ఇల్లు నాచారంలో, ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉంది. మామగారు కట్టించిన ఇల్లు. పై అంతస్తులో మా బావ, అంటే మా ఆయన అన్న, తన కుటుంబంతో ఉంటాడు. కింద మేము ఉంటాం. కిందనే రోడ్డు వైపు షట్టర్ ఉన్న చిన్న గది ఒకటి ఉంది. మామగారు అందులో కిరాణా దుకాణం నడిపేవారు. ఆయన పోయాక షట్టర్ దించేసి పాత సామాను పడేశాం.

నాకు ఆ గది కావాలి. నేను బ్లౌజులు కుడతాను. మిషన్ హాల్లోనే ఉంటుంది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు, మా ఆయన లుంగీ కట్టుకుని అన్నం తింటున్న హాల్లోనే చేతులెత్తి నిలబడాలి. కొందరు గుమ్మం దాకా వచ్చి, ఆయన్ని చూసి, మళ్లీ వస్తామని వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ వచ్చేవాళ్లు కారు. ఆ షట్టర్ ఎత్తి నా మిషన్ అక్కడ పెట్టుకుంటే నా పని నాకు, నా ఇల్లు నాకు. ఎప్పుడైనా పంపకాలైతే బావకు పైన డాబా, మాకు ముందు గది వస్తాయని అందరం అనుకున్నాం. బావ భార్యను నేను అక్కా అంటాను. ఆమె కూడా ఒకసారి తనంతట తానే అంది, "గా గది నీకే గదా, బోర్డు రాయిపిచ్చుకో."

అందాకా ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. ఉన్న హాలునైనా మనుషులు కూర్చునేలా చేద్దామని మొదలుపెట్టాను. పాత కాటన్ చీరలు కోసి, అంచు కిందికి వచ్చేలా కర్టెన్లు కుట్టాను. బ్లౌజుల్లో మిగిలిన ముక్కలు అతికి దిండ్లకు గలీబులు చేశాను. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీకి మిషన్లు చెక్క పెట్టెల్లో వస్తాయి. పెట్టెలు విప్పి చెక్కలు పారేస్తారు. ఆయన అడిగి తెచ్చుకుని బండి వెనక తాడుతో కట్టుకొచ్చేవాడు. నేను మేకులు పీకి, సాండ్‌పేపర్‌తో రుద్ది, రంగు వేసి గోడకు అరలు కొట్టాను. అరచేతులు పొక్కిపోయి కత్తెర పట్టుకోలేకపోయాను. గోడల పగుళ్లకు లప్పం కూడా నేనే పెట్టాను, నిచ్చెన లేక కుర్చీ మీద స్టూల్ ఎక్కి. పడితే ఏమయ్యేదో అని ఇంట్లో ఎవరూ అడగలేదు. అందం వచ్చాక మాత్రం అందరూ బాగుందన్నారు.

ఒక్క గోడ మాత్రం కుదరలేదు. హాలుకూ ముందు గదికీ మధ్య గోడ అది. సరిగ్గా దాని పైనే బావ వాళ్ల బాత్రూమ్. గోడలో ఎక్కడో పైపు కారుతుంది. నేను ఎన్నిసార్లు లప్పం పెట్టినా కొన్నాళ్లకు అది అప్పడంలా ఉబ్బి కింద రాలేది. వెనక సున్నం తడితడిగా, నల్లగా ఉండేది.

"బావా, జర పైపు జూపియ్యవా," అని వానాకాలంలో అడిగితే, "వానలకు గట్లనే ఉంటది తియ్యి, ఎండలకు ఆరుతది," అన్నాడు. ఎండాకాలంలో అడిగితే, "గిప్పుడు బాత్రూం వలగ్గొడితే తానాలు యాడ జెయ్యాలె," అన్నాడు. అక్కను అడిగితే నన్ను పైకి తీసుకెళ్లి బాత్రూమ్ తలుపు తెరిచి చూపించింది. "ఒక్క సుక్క కారుతలేదు, జూసుకో." నిజమే, పైన కారదు. కారేదంతా మాకే.

ఆ రోజుల్లోనే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, మెట్రో పిల్లర్ల కింద, ఒకతను ఫోమ్ షీట్లు అమ్ముతుంటే చూశాను. తెల్ల ఇటుకలు పేర్చినట్టు డిజైన్, వెనక జిగురు. కాగితం పీకి అంటించడమే. "నీళ్లు తగిలినా ఏం గాదమ్మా," అన్నాడు. నాకు కావలసిన మాట అతని నోటి నుంచి వచ్చింది. ఆ గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా అంటించాను. అంటించాక నేనే నమ్మలేకపోయాను. ఏదో ఆఫీసు రిసెప్షన్లా ఉంది. అక్క కిందికి వచ్చి దాని ముందు నిలబడి సెల్ఫీ దిగింది.

తర్వాత పైపు మాట ఎత్తితే బావ ఆ గోడ వైపు చూసి నవ్వాడు. "ఏది, గోడ మస్తుగున్నది గదా," అన్నాడు. పైపు సంగతి అక్కడితో అటకెక్కింది.

కొన్నాళ్లకు బావే, ఇల్లు పంచుకుందాం, పెద్దమనుషులను పిలుద్దాం అన్నాడు. మా ఆయన మేనమామ, ఇంకొందరు చుట్టాలు ఆదివారం ఊరి నుంచి వస్తామన్నారు. నేను శనివారమంతా ఇల్లు కడిగాను. కర్టెన్లు ఉతికి ఇస్త్రీ చేశాను. గలీబులు మార్చాను. అరల మీద మనీప్లాంట్ సీసాల్లో నీళ్లు మార్చాను. "గింత జేసుడెందుకు," అన్నాడు మా ఆయన. "పెద్దమనుషులు వస్తుంటే ఇల్లు గలీజుగ పెట్టుకుంటమా," అన్నాను. మా అమ్మ నన్ను అలా పెంచింది. చుట్టం గుమ్మంలోకి వచ్చేసరికి ఇల్లు నవ్వాలి.

అదే రోజు అక్క కూడా తన కర్టెన్లు విప్పింది. ఉతకడానికేమో అనుకున్నాను. సోఫా కవర్లు పోయాయి. సాయంత్రానికి ఫ్రిజ్ కూడా ఆటో ఎక్కింది, చెంగిచెర్లలో వాళ్ల తమ్ముడింటికి. "రిపేరున్నది," అంది. నేను పిచ్చిదాన్ని, మెట్ల దగ్గర తగలకుండా ఫ్రిజ్‌కు ఒక చెయ్యి కూడా వేశాను.

పెద్దమనుషులు ముందు పైకి వెళ్లారు. వాళ్లకు చాప వేసి కూర్చోబెట్టారట. తర్వాత కిందికి వచ్చారు. మెత్తని దిండ్లకు ఆనుకుని, ట్రేలో నేనిచ్చిన టీ తాగుతూ హాలంతా కలియజూశారు. మేనమామ ఇటుకల గోడ మీద చెయ్యి వేసి నిమిరాడు.

"పైన పెద్దోడు జూస్తే గట్లుండె. చిన్నోని ఇల్లు సినిమల ఇల్లున్నట్టున్నది," అన్నాడు.

"మామా, అవి నా పాత చీరలు. గా చెక్కలు ఫ్యాక్టరీల పారేసినయి. అన్నీ నేనే జేసిన," అన్నాను.

"పాతయో కొత్తయో, సౌలత్ అయితే ఉన్నది గద బిడ్డా."

టీ గ్లాసులు కింద పెట్టేలోగా తీర్పు అయిపోయింది. కింద వాళ్లకు ఇల్లు బాగుంది, అన్ని సౌకర్యాలూ ఉన్నాయి. పైన వాళ్లకు ఏమీ లేదు. సరిసమానం కావాలంటే ముందు గది పెద్దోడికి పోవాలి. డాబా ఇద్దరిదీ. బావకు నారపల్లిలో ప్లాటు ఉన్న సంగతి అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. దాని మాట ఒక్కరూ ఎత్తలేదు. నా పాత చీరలు మాత్రం అందరికీ కనిపించాయి.

నేను లేచి వెళ్లి ఒక షీటు అంచు పట్టుకుని పీకాను. అది సున్నంతో సహా ఊడి వచ్చింది. కింద ఇసుక రాలింది. వెనక గోడ నల్లగా, బూజు పట్టి ఉంది. ఆ వాసనకు ఒకాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"జూడుండ్రి మామా, గిదీ మాకున్న సౌలత్," అన్నాను. "పైన పైపు కారుతున్నది. అడిగి అడిగి నోరు నొచ్చింది."

బావ తొణకలేదు. "గా షీట్లు అతికి గోడకు గాలాడకుంట జేసింది మామా. అందుకే చెమ్మ వట్టింది," అన్నాడు.

పెద్దమనుషులు తలూపారు. ఒకాయన నాకు బుద్ధి కూడా చెప్పాడు, గోడలకు గిసొంటివి అతికియ్యొద్దని. నేను మా ఆయన వైపు చూశాను. ఒక్క మాట అంటాడని. పైపు కారడం ఆయనకు తెలుసు, రాలిన లప్పం ఊడ్చింది ఆయనే. ఆయన లేచాడు. వచ్చి, నా చేతిలోని షీటు తీసుకుని మళ్లీ గోడకు పెట్టి అరచేతితో అదిమాడు. అది నిలవలేదు. ఇంకోసారి అదిమాడు. నాకు బావ మీద కన్నా ఆ చెయ్యి మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలని కూడా నాకు లేదు.

తర్వాత బావ వాళ్లు షట్టర్ ఎత్తి పాత సామాను బయట పడేశారు. కర్రీ పాయింట్ పెట్టేవాళ్లు ఎవరో అద్దెకు అడిగారట. సామాను తీసేసరికి మామగారి పాత బియ్యం డబ్బాల వెనక గోడ బయటపడింది. అదే గోడకు అవతలి ముఖం. నల్లగా, తడిగా. అద్దెకు వచ్చినవాళ్లు అది చూసి వెనక్కి తగ్గారు. ఆ వారంలోనే ప్లంబర్ వచ్చాడు. బాత్రూమ్ పగలగొట్టారు, పైపు మార్చారు, కొత్త టైల్స్ వేశారు. అన్ని రోజులూ అక్క వాళ్లు స్నానాలకు కిందికి, మా బాత్రూమ్‌కు వచ్చారు. నేను తలుపు తీశాను.

"జూసినవా, మేమైతే ఎంబడే జేయిపిచ్చినం," అంది అక్క, తల తుడుచుకుంటూ. గుమ్మం దాటబోతూ ఆగి, "ముందు గదికి గూడ నీ లెక్క పాత చీరల కర్టెన్లు కుట్టియ్యరాదు? నీ చెయ్యి మంచిది," అంది.

మిషన్ పాడైందని చెప్పాను. ఆమె మెట్లు ఎక్కుతుండగానే కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. వినబడితే విననీ.

ఇప్పుడు మిషన్ దగ్గర కూర్చుంటే ముందు గదిలోకి వచ్చిన కర్రీ పాయింట్ నుంచి తాలింపు వాసన వస్తుంది. గోడ ఆరిపోయింది. కానీ మచ్చలు పోలేదు, పొక్కులు పోలేదు. నేను మిగిలిన ఫోమ్ షీట్లన్నీ పీకి చెత్తబండిలో వేశాను. "కొత్త షీట్లన్న తెద్దాం, లేకుంటె సున్నమన్న ఏపిద్దాం. ఇంటికి ఎవరన్న వస్తే మంచిగుండదు," అంటాడు మా ఆయన అప్పుడప్పుడు. ఆయనకు ఆ గోడ వైపు తిరిగి అన్నం తినడం కష్టంగా ఉందని నాకు తెలుసు.

కర్టెన్లు ఉతుకుతాను. గలీబులు మారుస్తాను. అరల మీద దుమ్ము నిలవనివ్వను. ఆ గోడను మాత్రం ముట్టుకోను. ఇంటికి ఎవరైనా వస్తే కుర్చీ దానికి ఎదురుగానే వేస్తాను.